సిటికెన పుల్ల సప్పుడు

మా అయ్య డప్పు కొట్టేటోడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ముప్పయ్యేళ్లు పట్టింది. ఆరో తరగతిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరినప్పుడు తండ్రి వృత్తి అన్నచోట 'కూలి' అని రాయించాను. అబద్ధమేం కాదు. మూసీ కాలువ కింద ఎవరి పొలంలో పని దొరికితే ఆ పొలంలో దిగేవాడు. కానీ ఊర్లో పీనుగ లేసినా, పోచమ్మకు బోనాలెత్తినా, పటేలు కొడుకు పెండ్లయినా కబురు వచ్చేది మా అయ్యకే. ఆ కబురు సంగతి ఫారంలో రాయలేదు. రాయనివ్వలేదు నా సిగ్గు.

మన బతుకులు రాసుకునే పుస్తకంలో నేను జమైకా గాయకుడు బాబ్ మార్లే ఆల్బముల గురించి రాస్తున్నాను. ఇదేం ముచ్చటరా అని మీలో కొందరికి అనిపించొచ్చు. నేను చరిత్ర చెప్పే సర్కారు బడి పంతులును. బానిసల చరిత్ర నాకు పాఠ్యపుస్తకం చెప్పినదానికంటే ఈ పాటలు ఎక్కువ చెప్పినయ్. అంతకంటే ముఖ్యం, వాడలో పుట్టిన పాట వాడ దాటి పోతున్నప్పుడు దారిలో ఏం పారేసుకుంటుందో, ఏం దొరకబుచ్చుకుంటుందో ఆయన ఆల్బములను వరసగా వింటే తెలిసింది. అది తెలిసేసరికి నేను చేయకూడని పని ఒకటి చేసేసి ఉన్నాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

2009లో ఉస్మానియాలో ఎమ్మే చరిత్రలో చేరాను. తెలంగాణ ఉద్యమం మండుతున్న రోజులు. ఆర్ట్స్ కాలేజీ ముందు పొద్దంతా డప్పులే. మా హాస్టల్ గదిలో సీటు ముగ్గురికి, పడుకునేది ఎనిమిదిమంది. అందులో పీహెచ్‌డీ చేస్తున్న ఒక సీనియర్ అన్న దగ్గర పాత కంప్యూటర్ ఉండేది. దాంట్లో ఒక ఫోల్డరు నిండా ఇంగ్లిషు పాటలు. అందరం పడుకున్నాక అన్న సౌండు తగ్గించి అవే వినేవాడు. నాది తెలుగు మీడియం, పాట ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ కింద నడిచే దరువు అర్థమయింది. మొదటి దెబ్బ పడాల్సిన చోట పడకుండా ఆగుతోంది. ఆగి, మనం మరిచిపోయేలోపల మీద పడుతోంది. "అన్నా, ఈయనెవరో మనోడే" అన్నాను చీకట్లో. "మనోడే, పండుకో" అన్నాడు అన్న.

నిజానికి ఆ ముఖం నాకు అంతకు ముందే తెలుసు. కోఠిలో ఫుట్‌పాత్ మీద అమ్మే బనీన్ల మీద చే గువేరా పక్కన జడలు వేసుకుని నవ్వుతూ ఉండేవాడు. డిగ్రీలో మా క్లాసుకు కారులో వచ్చే ఒక పిల్లగాడు ఆ బనీను వేసుకొచ్చేవాడు. రిజర్వేషన్ల మీద ఆ పిల్లగాడు నోరు తెరిస్తే నా తల బెంచీలోకి దిగిపోయేది. అందుకని బనీను మీది మనిషి కూడా వాళ్ల మనిషే అనుకున్నాను. ఒక మనిషిని వాడి శత్రువుల ఛాతీ మీద చూసి వాడెవడో తేల్చేసుకోవడం ఎంత తప్పో అప్పటికి తెలియదు.

ఆ తప్పులో నా పాలు ఎంతో, అమ్మినవాళ్ల పాలు అంత ఉంది. అన్న ఫోల్డరులో మొదట కనబడింది 'లెజెండ్'. మార్లే చనిపోయిన మూడేళ్లకు, 1984 మేలో ఐలాండ్ కంపెనీ ఏరి కూర్చిన సంకలనం. పద్నాలుగు పాటలు. ప్రపంచంలో కోట్లమంది ఇండ్లలో ఉన్న మార్లే ఈ మార్లేనే. అందులో ఐదు పాటలు ఒక్క 'ఎక్సోడస్' ఆల్బం నుంచే తీసుకున్నారు. 'సర్వైవల్' నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు. 'క్యాచ్ ఎ ఫైర్' నుంచి సరసం పాట తీసుకుని, బానిసలను తోలేవాడి మీద రాసిన పాటను వదిలేశారు. ఒకటి రెండు గట్టి పాటలు లేకపోలేదు. కానీ కుదురు మొత్తం ప్రేమ, ఎండ, సముద్రం. తెల్లవాళ్ల ఇంట్లోకి పోవాలంటే నల్లవాడు నవ్వుతూ పోవాలని కంపెనీ లెక్క. మన చౌరస్తాల్లో అంబేద్కర్ చేతిలో రాజ్యాంగం పెట్టారు గదా. 1936లో ఆయన సొంత డబ్బుతో అచ్చేసిన 'కుల నిర్మూలన'ను ఆ చేతిలో ఎవరన్నా పెట్టారా? 'లెజెండ్' విన్నప్పుడల్లా నాకు ఆ విగ్రహం గుర్తొస్తుంది. రెండు చోట్లా మనిషి అబద్ధం కాదు. ఏరినవాడి చెయ్యి అబద్ధం.

కాబట్టి మొదటి నుంచి వినాలి. మొదలంటే మార్లే కంటే ముందు.

జమైకాను ఇంగ్లీషోళ్లు స్పెయిన్ నుంచి గుంజుకున్నది 1655లో. చెరకు తోటల కోసం ఆఫ్రికా మనుషులను ఓడల్లో కట్టెల్లా పేర్చి తెచ్చారు. 1834లో బానిసత్వం రద్దు చేశామన్నారు. 1838 దాకా అప్రెంటిస్ అని పేరు మార్చి అదే వెట్టి నడిపారు. రద్దుకు పరిహారం కింద రెండు కోట్ల పౌండ్లు ఇచ్చారు. ఎవరికి? యజమానులకు. ఈ ఒక్క సంగతి చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు పెన్నులు కింద పెట్టి నా ముఖం చూస్తారు. బానిసలు పోయాక తోటలకు మళ్లీ మనుషులు కావాల్సొచ్చింది. 1845 మే 10న మన దేశం నుంచి కూలీలను మోసుకుపోయిన మొదటి ఓడ జమైకా రేవులో ఆగింది. గంజాయి అనే మాట ఆ దేశానికి పోయింది ఈ కూలీల నోటి నుంచే. (మార్లే పాటల నిండా ఆ పొగ ఉంటుంది. ఆయన మతంలో అది పూజ. నేను మాత్రం పిల్లలకు ఆ పాఠం చెప్పను. దానికి అలవాటు పడి మా వాడలోనే ఇద్దరు పిల్లగాండ్లు చెడిపోయారు.)

తోటల్లో డోలు సప్పుడుకు దొరలు భయపడేవారు. డోలు మోగితే బానిసలు కూడుతారు, కూడితే తిరగబడతారు. నిషేధాలు పెట్టారు. అయినా డోళ్లు బతికినయ్. బుర్రు అనే డోలు మేళం కింగ్‌స్టన్ మురికివాడల్లో మిగిలింది. జైలు నుంచి విడుదలై వచ్చిన మనిషిని వాడలోకి ఈ డోళ్లతోనే తోలుకొచ్చేవారట. రాస్తాఫారీ వాళ్లు ఆ మేళాన్ని తమది చేసుకున్నారు. అందులో మూడు డోళ్లు. పెద్దది భూమిలాగా గుంభనంగా పడుతుంది. ఫండే గుండె కొట్టుకున్నట్టు ఆగకుండా నడుస్తుంది. రిపీటర్ సన్నగా, ఎక్కువగా, మీద మీద మాట్లాడుతుంది. మా అయ్య కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. సిర్ర నడుస్తుంది, పుల్ల మాట్లాడుతుంది. నాకు ఎవరూ చెప్పకుండానే రిపీటర్ ఎవరో తెలిసిపోయింది.

మార్లే 1945 ఫిబ్రవరి 6న నైన్ మైల్ అనే పల్లెలో పుట్టాడు. తల్లి నల్లామె, తండ్రి తెల్లాయన. తండ్రి దగ్గర లేడు. తల్లితోపాటు కింగ్‌స్టన్ చేరి, ట్రెంచ్‌టౌన్ వాడలో పెరిగాడు. అక్కడే పీటర్ టోష్, బన్నీ వైలర్ దొరికారు. ముగ్గురూ వైలర్స్ అయ్యారు. వైలర్స్ అంటే ఏడ్చేవాళ్లు. జమైకాకు 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటి సంగీతం స్కా. బాకాలు, ఉరుకులు పరుగులు. కోక్సన్ డాడ్ స్టూడియోలో వీళ్లు చేసిన 'సిమ్మర్ డౌన్' 1964లో జమైకా అంతా మోగింది. 1965లో 'ది వైలింగ్ వైలర్స్' అనే మొదటి ఆల్బం. నా మటుకు నాకు ఆ పాటలు అంత పట్టవు. సూట్లు వేసుకుని అమెరికా గ్రూపుల్లాగా పాడదామని పిల్లలు పడే తండ్లాట వినబడుతుంది. మొదటిసారి ఇన్‌షర్టు వేసుకుని కాలేజీకి పోయిన నేను గుర్తొస్తాను.

1966 ప్రాంతంలో స్కా నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది. 1968 వచ్చేసరికి రెగే అయింది. కూలికోసం మార్లే కొన్నాళ్లు అమెరికాలో డెలావేర్‌కు పోయి పనిచేసి వచ్చాడు. 1970, 71లలో లీ పెర్రీ అనే వింత మనిషి దగ్గర పాడారు. 'సోల్ రెబెల్స్' అప్పటిదే. పెర్రీ బృందం నుంచే ఇద్దరు అన్నదమ్ములు వైలర్స్‌లోకి వచ్చారు. డ్రమ్ములకు కార్ల్‌టన్ బారెట్, బేస్ గిటారుకు ఆస్టన్ బారెట్. మొదటి దెబ్బ వదిలేసి మూడో దెబ్బ మీద బరువంతా పడేసే వన్ డ్రాప్ దరువుకు కార్ల్‌టన్ చేతులే పేరు. ఉస్మానియా చీకట్లో నన్ను పట్టుకున్నది ఆ చేతులే. మార్లే గొంతు నాకు అన్నిటికంటే నచ్చేది కూడా ఈ రెండేళ్లలోనే. చుట్టూ అలంకారం లేదు. ఒక గది, నాలుగు గోడలు, అరిగిన మైకు, ఎవరు వింటారో తెలియని పాట.

తర్వాత 'క్యాచ్ ఎ ఫైర్'. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

క్రిస్ బ్లాక్‌వెల్ అనే ఐలాండ్ కంపెనీ యజమాని జమైకా తోటల కుటుంబాల్లో పెరిగిన తెల్లాయన. 1972లో లండన్‌లో డబ్బుల్లేక చిక్కుకున్న వైలర్స్ చేతిలో ఆయన నాలుగువేల పౌండ్లు పెట్టి ఆల్బం చేసుకురమ్మన్నాడు. వాళ్లు కింగ్‌స్టన్‌కు పోయి చేసుకొచ్చారు. ఆ టేపులను బ్లాక్‌వెల్ లండన్‌లో మళ్లీ విప్పాడు. అలబామా నుంచి వచ్చిన వేన్ పెర్కిన్స్ అనే తెల్ల కుర్రాడితో రాక్ గిటారు కొట్టించాడు. రాబిట్ బండ్రిక్ అనే టెక్సాస్ ఆయనతో కీబోర్డు వాయించాడు. బేస్ తగ్గించి, కొన్ని పాటలు సాగదీసి, రాక్ వినే తెల్ల పిల్లల చెవికి పడేటట్టు తయారుచేశాడు. మార్లే పక్కనే ఉన్నాడు, ఒప్పుకున్నాడు. 1973 ఏప్రిల్‌లో సిగరెట్ లైటర్‌లాగా తెరుచుకునే అట్టతో వచ్చింది. ప్రపంచానికి రెగే ఆ దారిలోనే చేరింది.

'కాంక్రీట్ జంగిల్' పాట మొదట్లోనూ నడుమనూ ఆ గిటారు వినండి. బాగుంది. బాగుండటమే బాధ. ట్రెంచ్‌టౌన్ గోడల మధ్య ఊపిరాడని మనిషి పాడుతుంటే పక్కనించి ఇంకెవరో చల్లటి నీళ్లు పోసినట్టు ఉంటుంది. ఇది అమ్ముడుపోవడమా? చాలా ఏండ్లు అవుననే వాదించాను. యూనివర్సిటీ క్యాంటీన్‌లో ఈ విషయం మీద దోస్తులతో కొట్లాడాను. మా సీనియర్ అన్న ఒక్కటే మాట అన్నాడు. "ఆ గిటారు లేకపోతే ఆ టేపు లండన్ దాటేది గాదు తమ్మీ. లండన్ దాటకపోతే నీ రూముకు ఎట్లొచ్చేది?" దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ సగమే ఉంది.

అదే ఏడాది అక్టోబరులో 'బర్నిన్'. ఇది ఆ తీపిని కొంత తుడిచేసింది. డోళ్లు ముందుకొచ్చినయ్, గొంతులు మూడూ భుజాలు కలిపినట్టు వినబడతయ్. ముగ్గురూ కలిసి చేసిన చివరి ఆల్బం కూడా ఇదే. ఇందులోని 'ఐ షాట్ ది షెరిఫ్'ను 1974లో ఎరిక్ క్లాప్టన్ పాడితే అమెరికాలో నెంబర్ వన్ అయింది. అదే క్లాప్టన్ 1976లో బర్మింగ్‌హామ్ వేదిక మీద నల్లవాళ్లను, వలసొచ్చినవాళ్లను దేశం నుంచి పంపాలని కూసాడు. దాని మీద కోపంతోనే ఇంగ్లాండులో 'రాక్ అగెనెస్ట్ రేసిజం' ఉద్యమం పుట్టింది. డప్పు కావాలి, డప్పు కొట్టేటోడు వద్దు. ఈ ముచ్చట మనకు కొత్తనా?

టోష్, బన్నీ ఇద్దరూ బయటికి పోయారు. ముగ్గురిలో ఒక్కడి పేరు ముందుకు తెస్తున్నారని, కంపెనీ లెక్కలు సరిగా లేవని వాళ్ల కోపం. టోష్ అయితే బ్లాక్‌వెల్ పేరును తిరగేసి 'వైట్‌వర్స్ట్' అని పిలిచేవాడు. టోష్ 1977లో చేసిన 'ఈక్వల్ రైట్స్' నాకు మార్లే ఆల్బముల్లో సగం వాటికంటే ఎక్కువ. అందులో బతిమాలడం లేదు. బన్నీ 1976లో చేసిన 'బ్లాక్‌హార్ట్ మ్యాన్' నడిరాత్రి వినాల్సింది. ముగ్గురు కలిసుంటే ఏమయ్యేదో అని అనుకోనివాడు ఉండడు. మన ఉద్యమాల చీలికలు చూసినవాళ్లకు నేను ఇంతకంటే చెప్పక్కర్లేదు.

1974 'నాటీ డ్రెడ్' నుంచి ముగ్గురు మగవాళ్ల జాగాలో ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. రీటా మార్లే, మార్సియా గ్రిఫిత్స్, జూడీ మోవాట్. ఐ-త్రీస్ అన్నారు. ఆల్బం నిండా కూలి బతుకు, ఆకలి. దుఃఖపడొద్దని ఆడమనిషిని ఓదార్చే పాటకు హక్కుదారుగా మార్లే తన పేరు వేసుకోలేదు. ట్రెంచ్‌టౌన్‌లో గంజి వండి పెట్టిన విన్సెంట్ ఫోర్డ్ అనే మిత్రుడి పేరు వేశాడు. ఆ పని నాకు పాటకంటే పెద్దదనిపిస్తుంది. అయితే ఒక మాట అనకపోతే తప్పు. ఆ ముగ్గురు స్త్రీలు ఎంత గొప్ప గాయకులో వాళ్ల సొంత రికార్డులు చెప్తయ్. మార్లే ఆల్బములో వాళ్లు వెనక వరసే. ఇంట్లో రీటాకు దక్కిన గౌరవమూ అంతంతే. మా వాడలో కూడా డప్పు మగవాళ్లదే. మా అవ్వ కలుపు తీస్తూ పాడిన పాటలకు ఎవరూ కబురు పెట్టలేదు, ఎవరూ కల్లు పొయ్యలేదు.

1976 'రాస్తామన్ వైబ్రేషన్' మార్లే బతికుండగా అమెరికా చార్టులో అన్నిటికంటే పైకి, 8వ స్థానానికి పోయింది. నాకు నచ్చదు. సింథసైజర్లతో నున్నగా తోమారు. కానీ అందులో 'వార్' ఉంది. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ 1963 అక్టోబరులో ఐక్యరాజ్యసమితిలో చేసిన ఉపన్యాసాన్ని దాదాపు ఉన్నదున్నట్టు పాట కట్టాడు. ఉపన్యాసాన్ని పాడొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. పాట గొప్పది, ఆ రాజు సంగతి వేరు. రాస్తాలకు ఆయన దేవుడు. ఇథియోపియాలో మాత్రం 1973 కరువులో జనం రాలిపోతుంటే రాజ్యం దాచిపెట్టింది, 1974లో సైన్యం ఆయన్ను దించేసింది. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించాడు. ఆ మాట మార్లేకు చేరలేదు. మనకు చేరి ఏం చేశాం?

1976 డిసెంబరు 3న మార్లే ఇంట్లోకి దూరి కాల్చారు. ఆయనకూ రీటాకూ మేనేజరుకూ తగిలినయ్. రెండు రోజులకు కట్టు కట్టుకుని వేదిక ఎక్కి పాడాడు. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగినప్పుడు నేను చిన్నపిల్లగాణ్ని. మా వాడలో ఆ రాత్రి ఎవరూ పొయ్యి ముట్టించలేదు. పాటకు తూటా ఎందుకు గురిపెడతారో అప్పుడే తెలిసింది. గద్దర్ కూడా మారుతూ వచ్చినోడే. గొంగడి, గజ్జెల కాలం వేరు, చివర చేతిలో రాజ్యాంగం పట్టుకున్న కాలం వేరు. 2023 ఆగస్టు 6న పోయాక అందరూ తమకు కావాల్సిన గద్దర్‌ను ఏరుకున్నారు.

కాల్పుల తర్వాత మార్లే లండన్‌లో ఉండి 'ఎక్సోడస్' చేశాడు. 1977 జూన్‌లో వచ్చింది. శతాబ్దపు ఆల్బం అని టైమ్ పత్రిక 1999లో బిరుదిచ్చింది. రికార్డుకు మొదటివైపు ఆ మాటకు తగింది. వాడ మొత్తం మూటలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నట్టు ఉంటుంది ఆ పేరు పాట. రెండోవైపు తీపి. ఆ రోజుల్లోనే చేసిన మిగతా పాటలు కొన్ని 1978 మార్చిలో 'కాయా'గా వచ్చినయ్. ప్రేమ, వాన, ఎండ, పొగ. మెత్తబడ్డాడని విమర్శకులు తిట్టారు. నేనూ తిట్టాను. యూనివర్సిటీలో ఒక గోడ పత్రికలో 'తూటా తగిలినాక ప్రేమ పాటలా?' అని రాశాను కూడా. ఇప్పుడు ఆ రాత నాదేనని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. చావు దాకా పోయొచ్చినోడు ఎండ బాగుంది అని పాడితే అది పారిపోవడమెట్లవుతుంది? మనకు కోపం తప్ప ఇంకో రసం ఉండకూడదని ఎవరు రాసిపెట్టారు? నాకు బిడ్డ పుట్టినప్పుడు నేను విన్నది 'కాయా'నే.

అయినా ఒక్కటే ఎంచుకోమంటే 'సర్వైవల్'. 1979 అక్టోబరు. అట్ట నిండా ఆఫ్రికా దేశాల జెండాలు, పేరు వెనక బ్రూక్స్ అనే ఓడలో బానిసలను పేర్చిన పటం. ఆ పటం అచ్చయింది 1788లో. నేను బడిలో బోర్డు మీద గీస్తాను. ఒక్కో మనిషికి ఎంత జాగా ఇచ్చారో నేల మీద సుద్దతో గీసి ఒక పిల్లవాణ్ని పడుకోమంటాను. ఇక వేరే పాఠం అక్కర్లేదు. ఈ ఆల్బములో నవ్వుతూ తలుపు తట్టడం లేదు. ఎవరి చెవికోసమూ గిటారు అతికించలేదు. డోలు, బాకాలు, గొంతు ముగ్గురూ సమానం. ఇందులోని 'జింబాబ్వే' పాటను గెరిల్లాలు అడవుల్లో విన్నారు. 1980 ఏప్రిల్‌లో ఆ దేశం స్వాతంత్ర్యం పొందిన రాత్రి రుఫారో స్టేడియంలో మార్లే తన ఖర్చుతో సామాను తీసుకుపోయి పాడాడు. లోపలికి రానివ్వని జనం గేట్ల మీద పడితే పోలీసులు బాష్పవాయువు వదిలారు. పండుగలో కూడా పోలీసులు పోలీసులే. బొంబాయిలో 1972లో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు అమెరికా బ్లాక్ పాంథర్ల నుంచి పేరు తెచ్చుకున్నారు. అంతకు ముందే 1946లో అంబేద్కర్ డు బోయ్స్‌కు ఉత్తరం రాశాడు. మన దారి ఆ వైపు ముందునుంచీ ఉంది, పాటలు మాత్రం ఆలస్యంగా చేరినయ్.

ఇప్పుడు నేను చేసిన పని.

2013లో ఉద్యోగమొచ్చింది. 2016లో మా బడి పిల్లలను జిల్లా సాంస్కృతిక పోటీలకు తయారుచేయమన్నారు. డప్పు నృత్యం చేయిద్దామన్నాను. "చేయండి మాస్టారూ, కానీ మరీ సావు డప్పులాగా ఉండొద్దు, పెద్దసార్లు కూర్చుంటరు" అన్నారు. ఆ మాట పడ్డాను. అయ్యను బస్సెక్కించి సూర్యాపేటలో ఒక చిన్న రికార్డింగు స్టూడియోకు తీసుకపోయాను. మా వాడ 1998లోనే ఊరోళ్ల పీనుగలకు డప్పు బంద్ పెట్టింది. అయ్య ఆ తర్వాత మనోళ్ల పనులకు తప్ప కొట్టలేదు. అయినా నేనడిగితే గడ్డి తెచ్చి మంట పెట్టి, స్టూడియో వెనక సందులో డప్పు కాపుకుని, ఒక్క బిగిన పదకొండు నిమిషాలు కొట్టాడు. స్టూడియో పిల్లగాడు నాలుగు నిమిషాలకు కత్తిరించాడు. కీబోర్డు వేశాడు, వేణువు వేశాడు. "సన్న సప్పుడు చెవుల గుచ్చుతుంది సార్, తగ్గించనా?" అన్నాడు. తగ్గించమన్నాను. ఎవరూ నా చెయ్యి పట్టి చేయించలేదు. నేనే.

రెండో బహుమతి వచ్చింది. పెద్దసార్లు మెచ్చుకున్నారు. ఫోనులో ఆ పాట అయ్యకు వినిపించాను. కండ్లు మూసుకుని మొత్తం విన్నాడు.

"మంచిగనే ఉంది బిడ్డా. గని నా సిటికెన పుల్ల ఏడవోయింది?"

"ఉంది అయ్యా, లోపలుంది."

"లోపల లేదురా. సిర్ర ఎవడన్న ఏస్తడు. మాట్లాడేది పుల్ల."

ఆ రాత్రి 'కాంక్రీట్ జంగిల్' మళ్లీ విన్నాను. క్యాంటీన్‌లో నేను చేసిన వాదనలన్నీ గుర్తొచ్చినయ్. ట్రెంచ్‌టౌన్ వాళ్లకైనా నాలుగువేల పౌండ్లు, లండన్ దారి ఉన్నాయి. నేను తగ్గించింది జిల్లా రెండో బహుమతికి.

అయ్య 2021లో పోయాడు. అంతకు ముందు ఆర్నెల్లు మంచంలోనే. సెలవు రోజుల్లో పక్కన కూర్చుని మార్లే పాటలు పెట్టేవాణ్ని. మొదట 'సర్వైవల్' పెట్టాను. బేస్ విని "ఈయన ఎవల పీనుగ ముందట కొడుతుండు?" అన్నాడు. తన జబ్బు తెలిసీ పాడుతున్నాడని చెప్పాను. మార్లేకు 1977లో కాలి బొటనవేలికి క్యాన్సరు అన్నారు, వేలు తీయించుకోలేదు. 1980 జూన్‌లో 'అప్‌రైజింగ్' వచ్చింది. అప్పటికే ఒళ్లంతా పాకింది. అమెరికా నల్లవాళ్లు తన పాట అంతగా వినడం లేదన్న బాధతో ఆ సెప్టెంబరులో న్యూయార్క్‌లో కమొడోర్స్ అనే నల్ల గ్రూపు ముందు పాడాడు. సెప్టెంబరు 23న పిట్స్‌బర్గ్‌లో చివరిసారి. 1981 మే 11న మయామిలో పోయాడు. 36 ఏండ్లు. నేనిప్పుడు ఆయనకంటే ఒక ఏడాది పెద్ద.

'అప్‌రైజింగ్'లో ఆఖరి పాట 'రిడెంప్షన్ సాంగ్'. మార్కస్ గార్వే 1937లో కెనడాలో చేసిన ఉపన్యాసంలోంచి ఒక మాట తీసుకుని కట్టాడు. డ్రమ్ము లేదు, బేస్ లేదు, ఐ-త్రీస్ లేరు. ఒక గిటారు, ఒక గొంతు. పదహారేండ్లలో స్కా నుంచి ఇక్కడిదాకా వేసుకున్నవన్నీ ఒక్కొక్కటే విప్పి పక్కన పెట్టినట్టుంది. అయ్య విని కాసేపు ఊకున్నాడు. "డప్పు దించి పెట్టిండా?" అన్నాడు. "దించి పెట్టిండు అయ్యా." "అలిసిపోయిండేమో" అని గోడవైపు తిరిగి పండుకున్నాడు.

బ్లాక్‌వెల్ అతుకులు వేయకముందు కింగ్‌స్టన్‌లో చేసిన 'క్యాచ్ ఎ ఫైర్' అసలు టేపులు 2001లో బయటికొచ్చినయ్. ఇరవై ఎనిమిదేండ్ల తర్వాత. పెర్కిన్స్ గిటారు లేదు. బేస్ నేలలోకి దిగుతుంది. గొంతులు దగ్గరగా, కొంచెం తడబడుతూ ఉంటయ్. రెండూ పక్కపక్కన పెట్టి వింటే లండన్ పాట అందంగా ఉంది, కింగ్‌స్టన్ పాట ఇంట్లో ఉంది.

స్టూడియో పిల్లగాడు ఆ రోజు కత్తిరించకముందు మొత్తం పదకొండు నిమిషాలు నా ఫోనులో కూడా రికార్డు చేసుకున్నాను. ఆ ఫోను పగిలింది, మెమరీ కార్డు మాత్రం బీరువాలో ఉంది. మొన్న బానిసల ఓడ పాఠం అయిపోయినాక తొమ్మిదో తరగతిలో మొదటిసారి దాన్ని వినిపించాను. ఎవరు కొట్టారో చెప్పలేదు. మొదట నిప్పు చిటపటలు, ఎవరిదో బండి హారను, తర్వాత మా అయ్య దగ్గు. ఆ తర్వాత దరువు. ఆఖరి బెంచీలో ఒక పిల్లవాడు ఎడమచేతిలో స్కేలు పట్టుకుని డెస్కు అంచు మీద సన్నగా కొడుతున్నాడు.

"సార్, గా సన్నటి సప్పుడు దేంతోటొస్తది?"

"సిటికెన పుల్లతోటిరా" అన్నాను. "కొట్టినాయన మా నాయిన."